పందెంలో నేను లేను

పోయిన ఆదివారం పొద్దున్నే మా టకానిని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఓ మెసేజీ వచ్చింది. "90 రోజులు. 12 కిలోలు. ఎంట్రీ ఫీజు 100 డాలర్లు. ఎక్కువ శాతం తగ్గినవాళ్ళకి మొత్తం డబ్బు!" కింద ఎవరో కండలవీరుడి బొమ్మ, దాని కింద నిప్పులు కక్కుతున్న ఎమోజీలు. అరగంటలో పదిహేడు మంది బొటనవేళ్ళు ఎత్తేశారు. నేను ఎత్తలేదు. సాయంత్రానికల్లా ఫోను. "ఏంటి గురూ, నీ పేరు లేదు? మోటివేషన్ లేదా?"

"చూద్దాంలే" అని తప్పించుకున్నాను. మొహమాటం మరి. కానీ ఆ పదిహేడు మందిలో ఇద్దరి షుగరు సంగతి నాకు తెలుసు. అందులో ఒకడికి ముప్పై ఒకటేళ్ళు. అందుకని ఫోన్లో మింగేసిన మాటలన్నీ ఇక్కడ కక్కుతున్నాను. గ్రూపులో చదివేవాళ్ళకి కోపం వస్తే రానివ్వండి, ఉగాదికి ఎలాగూ కలుస్తాం.

ముందు నా అర్హత ఏమిటో చెప్పాలి కదా. 2019లో నేనూ ఇలాంటి 90 రోజుల పందెంలో చేరాను. చేరడమే కాదు, గెలిచాను కూడా! 91 కిలోల నుంచి 77కి వచ్చాను. పొద్దున ఒక పొడి, రాత్రి ఒక పొడి, మధ్యలో కీరదోసకాయలూ నీళ్ళూ. నూనె చుక్క లేదు. పందెం నడిపినాయన రోజూ ఆరింటికి "సాకులు చెప్పేవాడు ఓడిపోతాడు" లాంటి సూక్తులు పంపేవాడు. చివర్లో ఒకే చొక్కాతో ముందూ తర్వాతా ఫోటోలు దిగాను. ఇంటికి పంపిస్తే మా నాన్న "బానే ఉన్నావు" అన్నారు, మా అమ్మ మటుకు "మొహం పీక్కుపోయిందిరా, ఏమన్నా జబ్బా?" అంది. అప్పుడు నవ్వాను.

పందెం అయిన నెలన్నరకి ఒక రాత్రి కుడి డొక్క కింద పట్టేసింది. గ్యాసనుకుని ఈనో తాగాను. తెల్లారేసరికి ఆస్పత్రిలో ఉన్నాను. గాల్ బ్లాడర్ నిండా రాళ్ళు. స్కాన్ చూసిన డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మధ్య బాగా త్వరగా బరువు తగ్గావా?" వాళ్ళకి ఇదేమీ వింత కాదట. వేగంగా చిక్కేవాళ్ళలో ఒంటి కొవ్వు కరుగుతుంటే కాలేయం పైత్యరసంలోకి కొలెస్టరాల్ని ఎక్కువగా వదులుతుంది. తిండిలో కొవ్వే లేకపోతే గాల్ బ్లాడర్ సరిగ్గా ముడుచుకోదు, రసం అలాగే నిలవ ఉండి రాళ్ళవుతుంది. వైద్యపుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉన్న సంగతే. పందెం నడిపినాయన సూక్తుల్లో మాత్రం లేదు.

గాల్ బ్లాడర్ తీయించుకున్నాను. బరువు మాత్రం నన్ను వదిలి పోలేదండోయ్. 2021 చివరికి 94. అంటే మొదలెట్టినప్పటికన్నా మూడు కిలోలు ఎక్కువ. ముందూ తర్వాతా ఫోటోల పక్కన ఆ తర్వాత ఫోటో ఒకటి ఉండాలని అప్పుడు తెలిసింది. ఆ మూడో ఫోటో ఏ పందెంవాడూ అడగడు.

ఇక్కడ నా వృత్తి భాషలో ఒక మాట చెప్తాను, సాఫ్ట్‌వేర్ వాళ్ళు నవ్వుకోండి. పందెం పెట్టేవాళ్ళు ఒంటిని ప్రాజెక్టు అనుకుంటారు. మొదలు తేదీ, గో-లైవ్ తేదీ, చివర్లో కేకు (ఇక్కడ బిర్యానీ). నేను పదేళ్ళుగా చూస్తున్నదేమిటంటే, గో-లైవ్ రోజు రాత్రంతా మేలుకుని పనిచేసిన వీరులు మూడు వారాల తర్వాత ఎవరూ కనబడరు. ఆ సిస్టమ్‌ని పదేళ్ళు నడిపేది సపోర్టు టీమువాడు. వాడికి చప్పట్లుండవు. ఒళ్ళు సపోర్టు కాంట్రాక్టు గురూ! గడువు తేదీ లేని కాంట్రాక్టు. దానికి 90 రోజుల వీరుణ్ణి పెట్టుకుంటే 91వ రోజు ఏమవుతుంది?

మనవాళ్ళకి ఈ వీరత్వం కొత్త కాదు. 2010లో నేను హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆఫీసు మెయిళ్ళలో జీఎం డైట్ తిరుగుతుండేది. మొదటిరోజు పళ్ళు, రెండోరోజు కూరగాయలు, నాలుగోరోజు అరటిపళ్ళూ పాలూ, వారంలో ఆరేడు కిలోలు! జనరల్ మోటార్స్ కంపెనీ తన ఉద్యోగుల కోసం తయారు చేయించిందని అందులో రాసి ఉండేది. అలా చేయించినట్టు ఒక్క ఆధారమూ లేదు. అయినా కంపెనీ పేరు ఉంది కదాని మేం నమ్మేశాం, ఇంజనీర్లం కదా! ఇంటికెళ్తే మా పిన్ని టీవీలో మంతెన సత్యనారాయణ రాజు గారిని చూస్తూ ఉప్పూ నూనె లేని కూరలు వండుతుండేది. ఆయన ఆశ్రమం విజయవాడ దగ్గర, ఉండవల్లి కరకట్ట మీద. తర్వాత 2018 ప్రాంతంలో అదే విజయవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ గారి కార్యక్రమం వచ్చింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు. ఊరూరా సభలు, నిండిపోయిన హాళ్ళు. కొబ్బరినూనె తాగేవాళ్ళు. అంటే ఒకే ఊరి వాళ్ళు పదేళ్ళ తేడాతో "నూనె విషం" అన్న మాటకీ "నూనే మందు" అన్న మాటకీ అంతే భక్తితో చప్పట్లు కొట్టారన్నమాట. మా పిన్ని రెండూ చేసింది! ఆ తర్వాత కొర్రలూ అండుకొర్రలూ వచ్చాయి. మంచివే, పీచు ఉంటుంది. కానీ వంద గ్రాముల కొర్రల్లో క్యాలరీలు వంద గ్రాముల బియ్యంలో ఉన్నట్టే ఉంటాయి. కొర్ర పులిహోరని అదే నూనెలో, అదే పళ్ళెం నిండా తింటే కొర్రలేం చేస్తాయి పాపం?

నేను ఈ పద్ధతులన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టడం లేదు. ప్రతిదాంట్లోనూ కొందరికి షుగరు తగ్గింది, మందులు తగ్గాయి. తగ్గినవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నా గొడవల్లా ఒకటే. వీటన్నిటికీ వెళ్ళే దారి ఉంది, తిరిగి మన వంటింట్లోకి వచ్చే దారి లేదు. మనవాళ్ళు వీటిని మాల వేసుకున్నట్టు వేసుకుంటారు. నలభై రోజుల దీక్ష, తీసేసిన రోజు సాయంత్రం చికెన్ బిర్యానీ.

శాస్త్రం ఏమంటుందో చూద్దాం. అమెరికాలో ది బిగ్గెస్ట్ లూజర్ అని ఒక టీవీ పోటీ ఉండేది. అందులో తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత కెవిన్ హాల్ బృందం పరీక్షించి 2016లో ప్రచురించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు ఆరేళ్ళలో 41 కిలోలు తిరిగి తెచ్చుకున్నారు. అంతకంటే దారుణం, వాళ్ళ శరీరం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చుపెట్టే శక్తి ఆ బరువుకి ఉండాల్సినదానికన్నా రోజుకి దాదాపు 500 క్యాలరీలు తక్కువ ఉంది. ఆరేళ్ళ తర్వాత కూడా! వీళ్ళకి మోటివేషన్ లేదంటారా? దేశం మొత్తం చూస్తుండగా చెమటోడ్చినవాళ్ళు.

"చూశారా, అందుకే నెమ్మదిగా తగ్గాలి, అప్పుడు తిరిగి రాదు" అని నేను ఇక్కడే ముగించేస్తే మీరు చప్పట్లు కొడతారు. కానీ అది కూడా నిజం కాదు. 2014లో మెల్‌బోర్న్‌లో రెండొందల మందితో ఒక ప్రయోగం చేశారు. సగంమందిని 12 వారాల్లో వేగంగా, సగంమందిని 36 వారాల్లో మెల్లగా తగ్గించారు. పెట్టుకున్న లక్ష్యాన్ని చేరినవాళ్ళు వేగం గుంపులోనే ఎక్కువ. చేరినవాళ్ళని ఇంకో 144 వారాలు చూస్తే రెండు గుంపులవాళ్ళూ తగ్గిన బరువులో 71 శాతం దాకా తిరిగి తెచ్చేసుకున్నారు. మెల్లగా తగ్గినవాళ్ళూనూ! పందెం గ్రూపులో ఎవరో ఇది నా మొహాన కొడతారని ముందే చెప్తున్నాను. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన (2017) షుగరు వచ్చి ఆరేళ్ళు దాటనివాళ్ళకి కొన్ని నెలలపాటు ద్రవాహారం మాత్రమే ఇచ్చి వేగంగా తగ్గిస్తే, ఏడాది తర్వాత 46 శాతం మంది మందుల్లేకుండా షుగరు వ్యాధి హద్దు కిందకి వచ్చారు. అది డాక్టర్లూ నర్సులూ పక్కనుండి చేయించినది, తిరిగి మామూలు తిండికి రావడం కూడా మెట్టుమెట్టుగా నేర్పించారు. మీకు షుగరు ఉండి, మీ డాక్టరు అలాంటిది చెప్తే నా మాట వినకండి, ఆయన మాట వినండి.

అంటే వేగం ఒక్కటే దోషి కాదు. "అయిపోయింది" అనుకోవడం దోషి. కొత్తగా వచ్చిన సూదులు చూడండి. వెగోవీ 2025 జులైలో న్యూజీలాండ్‌కి వచ్చింది, సొంత డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. మా ఆఫీసులో ఇద్దరు వేసుకుంటున్నారు, వాళ్ళని చూసి మూతి విరిచే హక్కు నాకు లేదు. కానీ ఆ మందునే ఆపేసినవాళ్ళు ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి పెరిగారని 2022లోనే తేలింది. సూదికి కూడా గో-లైవ్ తేదీ లేదన్నమాట.

మరి నెమ్మది ఎందుకు? నాకు దొరికిన సమాధానం ఇది. తగ్గేటప్పుడు ఎలా బతుకుతున్నానో తగ్గాక కూడా అలాగే బతకాలి. పొడి తాగి తగ్గితే పొడి తాగడం నేర్చుకుంటాను. పప్పన్నం తింటూ, ఆదివారం చుట్టాలింటికెళ్తూ, రైలెక్కుతూ తగ్గితే ఆ మూడూ చేస్తూ బతకడం నేర్చుకుంటాను. అలా తగ్గాలంటే మెల్లగానే తగ్గుతాం, వేరే దారి లేదు. మెల్లగా తగ్గినంత మాత్రాన మంత్రమేమీ పడదు. తిరిగి రావడానికి మనిషి ఎక్కడికీ వెళ్ళి ఉండడు, అంతే.

నాకు ఈ జ్ఞానం చెట్టు కింద కూర్చుంటే రాలేదు. 2022లో మా క్లినిక్ నుంచి కబురొచ్చింది, గుండె పరీక్షకి రమ్మని. నాకప్పుడు ముప్పై నాలుగు. పొరపాటున పంపారేమో అనుకున్నాను. కాదట. ఈ దేశంలో 2018 నుంచి ఉన్న లెక్క ప్రకారం, వేరే ప్రమాదాలేవీ లేని మగవాళ్ళకి ఈ పరీక్ష 45 ఏళ్ళకి మొదలెడితే చాలు. మావోరీలకీ, పసిఫిక్ దీవులవాళ్ళకీ, మన దక్షిణాసియావాళ్ళకీ 30కే మొదలు. ఆడవాళ్ళకైతే 55కి బదులు 40. పదిహేనేళ్ళ ముందు! నర్సు నడుము కొలిచింది: 104 సెంటీమీటర్లు. మన మగవాళ్ళకి 90 దాటకూడదంటారు. హెచ్‌బీఏ1సీ 44 వచ్చింది. ఫోన్లో చెప్తే మా నాన్న హడలిపోయారు, "నలభై నాలుగేమిట్రా, నాది ఏడున్నర!" అని. ఇక్కడి లెక్క వేరు. ఆ 44 అంటే మన ఊరి లెక్కలో దాదాపు 6.2 శాతం. ఇక్కడ 41 నుంచి 49 దాకా షుగరు గుమ్మం దగ్గర నిలబడ్డట్టు, 50 అంటే లోపలికొచ్చినట్టు.

"నేను మరీ అంత లావు లేను కదా" అన్నాను నర్సుతో. అందరం అనే మాటే. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వేశారు. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నమే. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మనది లోపల లావు. పందెంవాళ్ళు తూచే యంత్రానికి ఇది తెలియదు. కండ పోయినా తగ్గినట్టే చూపిస్తుంది, నీళ్ళు పోయినా తగ్గినట్టే చూపిస్తుంది. చివరి తూకం ముందు రెండ్రోజులు నీళ్ళు మానేసినవాణ్ణి నేను. అలాగే గెలిచాను. గొప్పగా చెప్పట్లేదు.

మరి ఎంత తగ్గితే పనవుతుంది? ఇదే నా అసలు కోపం. 12 కిలోలని ఎవరు చెప్పారు? 2002లో అమెరికాలో మూడువేల మందికి పైగా గుమ్మం దగ్గర ఉన్నవాళ్ళతో చేసిన పెద్ద పరిశోధనలో పెట్టుకున్న లక్ష్యం ఒంటి బరువులో 7 శాతం, వారానికి 150 నిమిషాల నడక. అంతే. దానికే షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మాత్ర వేసుకున్నవాళ్ళకి తగ్గింది 31 శాతం. మనవాళ్ళ సంగతి వేరంటారా, 2006లో చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం 531 మందితో చేసింది. అక్కడ తిండీ నడకా మార్చుకున్నవాళ్ళకి 28.5 శాతం తగ్గింది. తమాషా ఏమిటంటే వాళ్ళ బరువు పెద్దగా తగ్గనే లేదు! అయినా షుగరు వెనక్కి పోయింది. ఇలాంటివాడు మన పందెంలో ఉంటే ఆఖరి స్థానం వస్తుంది, వంద డాలర్లూ పోతాయి, పైగా "మోటివేషన్ లేదు" అని పేరు. నా 94 కిలోల్లో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు. దానికి గాల్ బ్లాడర్ ఇచ్చుకోనక్కర్లేదు.

ఇంతకీ నేనేం చేశానంటారా? చెప్తే సప్పగా ఉంటుంది. మార్కరు పెన్నుతో నూనె సీసా మీద తెరిచిన తేదీ రాశాను. లీటరు సీసా, ఇంట్లో ముగ్గురం (మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు). తొమ్మిది రోజుల్లో ఖాళీ! లెక్కేస్తే మనిషికి రోజుకి మూడొందల క్యాలరీలు ఒక్క నూనెలోనే. "మనం వేపుళ్ళు తక్కువే కదండీ" అంది మా ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోయి. తాలింపులో, దోసె పెనం మీద, పచ్చడిలో... కనబడకుండా పోతోంది. వేపుడు మానలేదు. మూకుడులోకి సీసా వంచడం మాని చెంచాతో కొలిచి పోయడం మొదలెట్టాం. ఇప్పుడు సీసా ఇరవై ఒక్క రోజులొస్తోంది. తర్వాత అన్నం. ఒక రాత్రి నా పళ్ళెంలో అన్నాన్ని తూచాను, 420 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాములకి 130 క్యాలరీలు, మీరే గుణించుకోండి. ఇప్పుడు 250. పక్కన పప్పూ కూరా పెరిగాయి. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా కూడా ఇదే, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదని. మనకి అది అరవై డెబ్బై దాకా ఉంటుంది. ఆవకాయ మానలేదు. పెరుగన్నం మానలేదు. మానేస్తే మూడో నెలలో దొంగతనంగా తింటానని నాకు తెలుసు.

ఇక నడక. వారంలో మూడు రోజులు సిటీ ఆఫీసుకి రైల్లో వెళ్తాను. వచ్చేటప్పుడు టకానినిలో దిగకుండా, దానికి ముందు స్టేషను టె మహియాలో దిగి గ్రేట్ సౌత్ రోడ్డు వెంట ఇంటికి నడుస్తాను. అరగంట పైనే. జిమ్ముకి వెళ్ళాలంటే నిర్ణయం తీసుకోవాలి. ముందు స్టేషన్లో దిగిపోయాక తీసుకోవడానికి ఏ నిర్ణయమూ మిగలదు, ఇల్లు చేరాలంటే నడవాల్సిందే!

మోటివేషన్ గురించి నేను చెప్పగలిగేది ఈ నడకలోనే ఉంది. 2025 జనవరిలో పట్టాలు బాగుచేయడానికి ఆక్లాండ్‌లో రైళ్ళన్నీ ఆపేశారు. ఇంటి నుంచే పనిచేశాను. నడక ఆగిపోయింది. నెలలో కిలోన్నర పెరిగాను. ఆ నెల నా మోటివేషన్ ఎక్కడికీ పోలేదు, సరిగ్గా డిసెంబరులో ఉన్నంతే ఉంది. పోయింది రైలు! రైలు తిరిగి వచ్చింది, నడక వచ్చింది, రెండు నెలల్లో కిలోన్నర పోయింది. అందుకే పొద్దున్నే సూక్తులు పంపేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇద్దరు పిల్లలతో, రాత్రి షిఫ్టుతో, గోడౌన్‌లో పన్నెండు గంటలు నిలబడే పనితో ఉన్నవాడు తగ్గకపోతే వాడి మనసులో లోపం ఉన్నట్టు మాట్లాడతారు. వాడి మనసులో ఏమీ లోపం లేదు. వాడి రోజులో ఖాళీ లేదు. ఆ ఖాళీ ఎక్కడ దొరుకుతుందో వాడితో కూర్చుని వెతకండి, అప్పుడు మిమ్మల్ని మెచ్చుకుంటాను.

ఇక మన ఇళ్ళ సంగతి. ఇక్కడ తగ్గాలనుకునే తెలుగువాడికి అసలు పరీక్ష శనివారం రాత్రి. మా ఇంటి దగ్గర్లో గురుద్వారా ఉంది, కలగీధర్ సాహిబ్, 2005 నుంచి. అప్పుడప్పుడూ లంగర్‌కి వెళ్తాం. కింద కూర్చుంటే పప్పూ రొట్టే పాయసమూ తెచ్చి వడ్డిస్తారు. చాలనుకుంటే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెడితే చాలు, నవ్వి ముందుకి వెళ్ళిపోతారు. తీసుకున్నది పారెయ్యకూడదు, అంతవరకే నియమం. అదే మన ఇళ్ళల్లో చెయ్యి అడ్డం పెట్టి చూడండి! "మా వంట నచ్చలేదా అన్నయ్యా?" "ఒక్క గారె తింటే ఏమైపోతారండీ?" చెయ్యి మీదనుంచే పడుతుంది రెండో గరిటె. ఆ ప్రేమని నేను తప్పుపట్టను, దేశంకాని దేశంలో ఆ గరిటే లేకపోతే మనకి ఎవరున్నారు? కానీ అలా కొసరి కొసరి పెట్టినవాళ్ళే సోమవారం "90 రోజుల ఛాలెంజి" అంటే ఏమనాలి? గ్రూపు పెద్దలు నిజంగా మా ఆరోగ్యం కోరితే వంద డాలర్లు వద్దు, పాట్‌లక్‌లో "చాలు" అంటే ఆగిపోవాలని ఒక నియమం పెట్టండి. లావైన పిల్లని అందరి ముందూ "ఏంటమ్మా, బాగా ఒళ్ళు చేశావు?" అనకూడదని ఇంకోటి. ఆ రెండూ ఉచితం.

నా లెక్కలు కూడా చెప్పేస్తాను, దాచుకునేదేం లేదు. 2022 జులైలో 94. మొదటి ఏడాది ఏడు కిలోలు తగ్గాను, రెండో ఏడాది నాలుగు, మూడో ఏడాది రెండు. ఇప్పుడు 81 దగ్గర అటూ ఇటూ. ఒళ్ళు తేలికయ్యేకొద్దీ ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఏటికేడాది నెమ్మదించడం మామూలే. అప్పుడే చాలామంది "పనిచేయడం ఆగిపోయింది" అని వదిలేస్తారు. ఆగింది తగ్గడం. తిరిగి పెరగకుండా పట్టుకుని ఉన్నది అదే నూనె చెంచా. హెచ్‌బీఏ1సీ పోయిన పరీక్షలో 39, గుమ్మం బయట. నడుము 93. బొజ్జ ఇంకా ఉంది, బీఎంఐ ఇంకా 28. ఫోటో పెడితే ఎవరూ లైకు కొట్టరు :) మా అమ్మ కూడా గమనించలేదు. పోయిన సంక్రాంతికి వీడియోలో చూసి "కాస్త నిగారించావురా, అక్కడ వాతావరణం పడిందేమో" అంది.

శనివారం మొదటి తూకం ఎవరింట్లోనో పెట్టుకున్నారట. నేను రాను. ముప్పై ఒకటేళ్ళ తమ్ముడూ, ఇది నీ కోసం: నువ్వు ఆ వంద డాలర్లు కట్టేశావని విన్నాను, పోనీలే. మంగళ, బుధ, గురువారాలు నేను ఆరు లోపే టె మహియాలో దిగుతాను. నువ్వూ ఆ లైన్లోనే వస్తావు కదా. ఒక స్టేషను ముందు దిగు. చలికాలంలో ఆ వేళకి చీకటి పడిపోతుంది, టార్చి నేను తెస్తాను.